ఇంటర్వ్యూకీ ఆఫీసుకీ తయారవడం ఎలా? ఇంట్లోనే ఆరు వారాల్లో నేర్చుకునే పద్ధతి

“టై కట్టుకోవాలా వద్దా?” “షేక్‌హ్యాండ్ మనమే ముందు ఇవ్వాలా?” “మెయిల్‌లో రెస్పెక్టెడ్ సార్ అని రాయాలా, డియర్ సార్ అనా?” చదువు ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు నన్ను ఏళ్ల తరబడి అడుగుతున్నవి ఇవే. విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ, అన్నీ ఒకచోట వరసగా రాస్తే నయమనిపించింది.

ఇంటర్వ్యూ బల్లకు అటువైపు నేను కొన్నేళ్లు కూర్చున్నాను. అటువైపు ఉన్నవాళ్లకు మీ చొక్కా ఖరీదు తెలీదు, పట్టింపూ ఉండదు. కానీ కాలర్ బిగుతుగా ఉండి మీరు నిమిషానికోసారి వేలు పెట్టి లాక్కుంటుంటే అది మాత్రం కనిపిస్తుంది. ఇక మీరు చెప్పే జవాబు సగమే చెవికెక్కుతుంది. అవతలి మనిషి దృష్టి మన ఒంటి మీదకి పోకుండా, మాట మీద నిలిచేలా చూసుకోవడమే గ్రూమింగ్ అంటే నా లెక్కలో. ఆఫీసు మర్యాదలూ అంతే. ఇంతకు మించి సిద్ధాంతం ఏమీ చెప్పను.

ఒక్క రాత్రిలో అయ్యే పని మాత్రం కాదు. ఆరు వారాలు పెట్టుకోండి, రోజుకి పావుగంట చాలు. ఇంటర్వ్యూ వచ్చే వారమే ఉంటే 2, 4, 5, 11 దశలు చేసేసి మిగతావి తర్వాత చూసుకోండి.

కావలసినవి

• నిలువుటద్దం. లేకపోతే గోడకు ఆనించిన ఫోన్ కెమెరా.
• సరిగ్గా సరిపోయే ఒక జత ఫార్మల్ దుస్తులు. ఒక్క జత చాలు, రెండోది మొదటి జీతంతో కొనుక్కోవచ్చు.
• మూసి ఉండే తోలు బూట్లు, బెల్టు పెట్టుకునేవాళ్లకి అదే రంగు బెల్టు, ముదురు రంగు పొడవాటి సాక్సులు.
• ఇస్త్రీపెట్టె, నీళ్లు చల్లుకునే స్ప్రే సీసా, షూ పాలిష్, బ్రష్, పాత మెత్తని గుడ్డ.
• నెయిల్ కట్టర్, దువ్వెన, టంగ్ క్లీనర్, డియోడరెంట్.
• మీ అసలు పేరుతో ఒక మెయిల్ ఐడీ. పదో తరగతిలో సరదాగా పెట్టుకున్న ఐడీని స్నేహితులకే ఉంచండి.
• మొహమాటం లేకుండా నిజం చెప్పే ఒక మనిషి. ఈ జాబితాలో దొరకడం కష్టమైనది ఇదొక్కటే.

1. ముందు ఉన్నదున్నట్టు చూసుకోండి

ఏమీ మార్చకముందే ఒక వీడియో తీసుకోండి. ఇంటర్వ్యూకి వెళ్తే ఏం వేసుకుంటారో అదే వేసుకుని, తలుపు తీసుకుని లోపలికి రండి, నమస్కారం చెప్పండి, కుర్చీలో కూర్చోండి, మీ గురించి రెండు నిమిషాలు మాట్లాడండి. తర్వాత దాన్ని మూడుసార్లు చూడండి. మొదటిసారి సౌండ్ తీసేసి, రెండోసారి ఫోన్ బోర్లించి మాట మాత్రమే వింటూ, మూడోసారి రెండూ కలిపి.

ఇబ్బందిగా ఉంటుంది, ఎవరికైనా అంతే. కాలు ఊపడం, ముక్కు తడుముకోవడం, చొక్కా లాక్కోవడం లాంటివి ఎన్నో కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి దిద్దుకోవాలని కూర్చుంటే బొమ్మలా బిగుసుకుపోతారు. మూడంటే మూడే కాగితం మీద రాసుకుని ఈ వారం వాటి సంగతి చూడండి. ఈ మొదటి వీడియోని డిలీట్ చేయకండి, ఆరో వారంలో పక్కన పెట్టుకుని చూడటానికి కావాలి.

2. ఒంటి శుభ్రత

చెమటకి దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. అందుకని స్నానం చేసి నిన్నటి చొక్కా వేసుకుంటే స్నానం చేసిన ఫలం దక్కదు. పాలిస్టర్ బట్ట నూలు బట్ట కంటే ఎక్కువగా వాసన పట్టుకుంటుందని కూడా గుర్తుంచుకోండి.

డియోడరెంట్, యాంటీపెర్స్పిరెంట్ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. మొదటిది వాసనని అడ్డుకుంటుంది. రెండోదానిలో అల్యూమినియం లవణాలు ఉంటాయి, అవి చెమటనే తగ్గిస్తాయి. చంకల దగ్గర చొక్కా తడిసిపోయే సమస్య ఉంటే రెండోది వాడండి, అదీ రాత్రి పడుకునే ముందు, పొడిగా తుడుచుకున్న చర్మం మీద. పొద్దున హడావిడిలో తడి ఒంటి మీద రాసుకుంటే అంత పనిచేయదు. చర్మం మండినా దద్దుర్లు వచ్చినా మానేయండి.

సెంటు దగ్గర జాగ్రత్త. మన ముక్కు మన వాసనకి కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. సరిపోలేదేమో అని ఇంకో రెండుసార్లు కొట్టుకుంటాం, ఆ చిన్న గదిలో ఎదుటివాళ్లకి తలనొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు స్ప్రేలు, బయల్దేరే అరగంట ముందు. అసలు కొట్టుకోకపోయినా ఎవరూ మార్కులు తీసేయరు.

నోటి వాసన ఎక్కువగా నాలుక వెనక భాగం నుంచి వస్తుంది. పళ్లు రెండుపూటలా తోముకుంటూ నాలుక గీసుకోవడం మర్చిపోతే లాభం లేదు. టెన్షన్‌లో నోరు ఎండిపోయినా వాసన పెరుగుతుంది, కాబట్టి బయట ఎదురుచూసేటప్పుడు మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు తాగండి. చూయింగ్ గమ్ నమిలితే లోపలికి పిలవక ముందే ఉమ్మేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి.

ఎలా చెక్ చేసుకోవాలి: శుభ్రమైన చెంచాతో నాలుక వెనక భాగాన్ని మెల్లగా గీసి, కొన్ని సెకన్లు ఆగి చెంచా వాసన చూడండి. అరచేతిలోకి ఊది చూసుకోవడం కంటే ఇది నయం. రోజూ శుభ్రం చేసుకుంటున్నా వాసన తగ్గకపోతే పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

జుట్టు ఇంటర్వ్యూకి ఐదారు రోజుల ముందు కత్తిరించుకోండి. ముందురోజు వద్దు, కటింగ్ పాడైతే సరిచేసుకునే వ్యవధి ఉండదు. పొడవాటి జుట్టు ఉన్నవాళ్లు తల వంచి సంతకం పెట్టి చూడండి, కళ్ల మీద పడితే వెనక్కి కట్టుకోండి. గడ్డం ఉంచుకోవచ్చు, కానీ మెడ మీదా బుగ్గల మీదా అంచు తీసి ఉండాలి. రెండు రోజుల మాసిన గడ్డం గడ్డమూ కాదు, షేవింగూ కాదు. గోరువెచ్చటి నీళ్లతో ముఖం తడిపాక, వెంట్రుక పెరిగే దిక్కులోనే రేజర్ లాగండి. చర్మం కందిపోయేవాళ్లు ముందురోజు రాత్రే గీసుకుంటే మంచిది.

గోళ్లు పొట్టిగా, లోపల మట్టి లేకుండా. రంగు వేసుకునేవాళ్లు సగం ఊడిన రంగుతో వెళ్లేకంటే మొత్తం తీసేసి వెళ్లండి. మేకప్ వేసుకుంటే ఒకసారి పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూసుకోండి, గదిలో లైటు కింద బాగున్నది బయట వేరేలా కనిపిస్తుంది.

3. ఒక్క జత దుస్తులు, సరిగ్గా సరిపోయేవి

బ్రాండ్ కంటే ఫిట్టింగ్ ముఖ్యం. కొనేటప్పుడు భుజాలు చూడండి. చొక్కా భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. చేతి మీదకి జారినా, మెడ వైపు ఎక్కినా అది మీ సైజు కాదు. పొడవు, నడుము, చేతుల పొడవు టైలర్ తేలిగ్గా సరిచేస్తాడు. భుజాలు సరిచేయడం కష్టం, తేడాగా ఉంటే కొనకుండా వచ్చేయండి.

కాలర్ బొత్తాం పెట్టుకుని లోపల రెండు వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లు హాయిగా పట్టాలి. కఫ్ (చొక్కా చేతి చివరి పట్టీ) మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. కోటు వేసుకుంటే చొక్కా కఫ్ కోటు చేతి కింద నుంచి సెంటీమీటరు, సెంటీమీటరున్నర కనిపించాలి. ప్యాంటు అంచు బూటు మీద ఒక్క చిన్న మడత పడేలా ఉండాలి, మడమ దగ్గర కుప్పపడకూడదు. ఏ రంగో తేల్చుకోలేకపోతే లేత రంగు పైబట్ట, ముదురు నీలం లేదా బూడిద రంగు కిందబట్ట. ఇవి ఏ ఆఫీసులోనైనా నప్పుతాయి.

ట్రయల్ రూములో నిలబడి అద్దంలో చూసుకుని వచ్చేయకండి. కూర్చోండి: బొత్తాల మధ్య సందు తెరుచుకుంటోందా? చేతులు పైకెత్తండి: చొక్కా నడుం దగ్గర బయటికి వచ్చేస్తోందా? వంగి కింద పడిన పెన్ను తీయండి: ఎక్కడైనా పట్టేస్తోందా, ఏమైనా కనిపిస్తోందా? బట్టని వెలుగుకి ఎదురుగా పట్టి పలచదనం చూడండి. తెల్ల చొక్కా లోపల తెల్ల బనియన్ కంటే మీ ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నది తక్కువ కనిపిస్తుంది. ఈ పరీక్షలు ఆడవాళ్ల దుస్తులకీ మగవాళ్ల దుస్తులకీ ఒకటే.

గలగలమనే గాజులు, టేబుల్‌కి కొట్టుకునే పెద్ద గడియారం, నడుస్తుంటే టకటకలాడే హీల్స్ ఇంటర్వ్యూ రోజుకి పక్కన పెట్టండి. హీల్స్ అలవాటు లేనివాళ్లు ఆ రోజు మొదలుపెట్టకండి. ఎత్తు లేని మడమ ఉన్న బూటుని ఎవరూ తక్కువ చేసి చూడరు.

కోటు కొన్నవాళ్లకి ఒక హెచ్చరిక. కొత్త కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ మార్కులా తెల్ల దారంతో కుట్టు ఉంటుంది. జేబులు కూడా కుట్టేసి ఉండొచ్చు. ఒక్కోసారి చేతి మీద కంపెనీ పేరుతో చిన్న గుడ్డముక్క ఉంటుంది. అవన్నీ షాపులో బట్ట ఆకారం చెడకుండా వేసినవి, మనం విప్పుకోవాలి. నాకా సంగతి తెలీక నా మొదటి కోటుని ఆ ఇంటూ మార్కుతోనే మూడు ఇంటర్వ్యూలకి వేసుకెళ్లాను. నాలుగోచోట రిసెప్షన్‌లో ఒకామె జాలిపడి, చిన్న కత్తెర తెచ్చి విప్పింది. ఇంకో సంగతి: రెండు బొత్తాల కోటుకి పైదే పెట్టుకోవాలి, కిందది ఎప్పుడూ వదిలేయాలి. కూర్చునేటప్పుడు పైదీ విప్పుకోవచ్చు.

4. ఇస్త్రీ, బూట్లు

బయట ఇచ్చి చేయించుకునేవాళ్లైనా ఒకసారి నేర్చుకోండి. ఎవరూ దొరకని రోజు ఇంటర్వ్యూ రోజే అవుతుంది.

లేబుల్ మీద ఇస్త్రీపెట్టె బొమ్మలో చుక్కలు చూడండి. ఒక చుక్క అంటే తక్కువ వేడి, రెండంటే మధ్యస్థం, మూడంటే ఎక్కువ. మామూలుగా నూలుకి మూడు, పాలిస్టర్‌కి ఒకటో రెండో ఉంటాయి. పాలిస్టర్ మీద వేడి ఎక్కువైతే మెరుపు మచ్చలు పడతాయి, అవి మళ్లీ పోవు. ముదురు రంగు ప్యాంటుని తిరగేసి గానీ, పైన పల్చటి గుడ్డ వేసి గానీ ఇస్త్రీ చేయండి.

చొక్కాకి వరస ఇది: ముందు కాలర్ (లోపలి వైపు మొదలుపెట్టి, మొనల నుంచి మధ్యకి), తర్వాత కఫ్‌లు, చేతులు, భుజాల పట్టీ, చివరికి ముందు వెనక భాగాలు. పెద్ద భాగం ముందు చేస్తే మిగతావి చేసేలోపు అది మళ్లీ నలిగిపోతుంది. నూలు బట్ట కాస్త తడిగా ఉండగానే చేయాలి, ఎండిపోతే స్ప్రే కొట్టుకోండి. అయ్యాక హ్యాంగర్‌కి తగిలించి పది నిమిషాలు ఆగండి. వేడి మీదే వేసుకుంటే మోచేతుల దగ్గర వెంటనే మడతలు పడతాయి.

బూట్లకి ముందు లేసులు తీసేయండి, దుమ్ము బ్రష్‌తో దులపండి. దుమ్ము మీదే పాలిష్ రాయడం అందరూ చేసే తప్పు, అది గీతలు పెడుతుంది. గుడ్డకి కొంచెం పాలిష్ తీసుకుని పల్చగా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, బ్రష్‌తో రుద్దండి. మడమ వెనక భాగం మర్చిపోకండి. మీరు గది దాటి వెళ్లేటప్పుడు అందరికీ కనిపించేది అదే. పని ముందురోజు రాత్రే చేయండి, లేకపోతే చేతులకీ చొక్కా అంచుకీ పాలిష్ అంటుతుంది. తోలు బూట్లు తడిస్తే లోపల కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి, హీటర్ దగ్గర పెడితే తోలు పగులుతుంది.

చెక్: తెల్ల గుడ్డతో బూటుని తుడవండి. రంగు అంటితే ఇంకా రుద్దాలి. కుర్చీలో కాలు మీద కాలు వేసి చూడండి, సాక్సు పైన పిక్క కనిపిస్తే పొడవు సాక్సులు కొనండి.

5. పూర్తి రిహార్సల్

వారం ముందే, ఆ రోజు వేసుకునేవన్నీ వేసుకుని రెండు గంటలు గడపండి. నడవండి, మెట్లెక్కండి, కూర్చుని చదువుకోండి. కొత్త బూట్లు కరుస్తాయో లేదో, ప్యాంటు ఏ మేరకు నలుగుతుందో ఇప్పుడే తెలుస్తుంది. ఈ ఒక్క దశ మానేసినవాళ్లే ఎక్కువ, ఇంటర్వ్యూలో కుంటుతూ వచ్చేవాళ్లూ వాళ్లే. ఆ నిజం చెప్పే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి: “నన్ను చూడగానే నీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?” ముఖం అంటే సరే. మెరిసే బెల్టు బకిల్ అంటే అది మార్చండి.

6. పలకరింపు, పరిచయం, కూర్చోవడం

పది నిమిషాల ముందు చేరుకోండి. అరగంట ముందే వెళ్తే వాళ్లకి మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న తలనొప్పి. త్వరగా చేరితే బయటే ఎక్కడైనా ఆగండి. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లతో, గేటు దగ్గర ఉన్నవాళ్లతో మీరు ఎలా మాట్లాడారో లోపలికి చేరుతుంది. ఒకసారి బాగా జవాబులు చెప్పిన ఒక అభ్యర్థి గురించి, బయట అతను కసురుకున్న తీరు తెలిశాక మా నిర్ణయం మారింది.

షేక్‌హ్యాండ్ విషయం. ఎదుటివాళ్లు పెద్ద హోదాలో ఉంటే, లేదా మీరు వాళ్ల గదిలోకి వెళ్లినవాళ్లైతే, వాళ్లు చెయ్యి చాచేదాకా ఆగండి. చాచకపోతే చిరునవ్వుతో తల ఊపి నమస్కారం చెప్పండి, అందులో లోటేమీ లేదు. ఆడా మగా తేడా లేకుండా ఇదే పద్ధతి. చెయ్యి ఇచ్చేటప్పుడు లేచి నిలబడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందు ఎదుటివాళ్ల సందుని తాకాలి. రెండుసార్లు ఊపి, మూడు సెకన్లలో వదిలేయాలి. వేళ్ల చివరలు మాత్రమే అందించడం, ఎముకలు విరిగేలా నొక్కడం, రెండూ తప్పే. చేతులకి చెమట పట్టేవాళ్లు జేబులో రుమాలు ఉంచుకుని, తలుపు దగ్గరే తుడుచుకోండి. ఫైలు ఎడమచేతిలో పట్టుకుంటే కుడిచెయ్యి ఖాళీగా ఉంటుంది.

ఇద్దరిని పరిచయం చేయాల్సి వస్తే పెద్ద హోదా ఉన్నవాళ్ల పేరు ముందు పలకాలి: “మేనేజర్ గారూ, ఈమె మా టీమ్‌లో కొత్తగా చేరిన ఫలానా.” కస్టమర్ ఉంటే మేనేజర్ కంటే కస్టమర్‌కే మొదటి చోటు. పేరు మర్చిపోతే తడబడకుండా “మీ పేరు మళ్లీ ఒకసారి చెప్తారా?” అని అడిగేయండి. నెల తర్వాత అడగడం కంటే మూడో నిమిషంలో అడగడం తేలిక.

కూర్చోమన్నాక కూర్చోండి. వీపు కుర్చీకి ఆని, పాదాలు నేల మీద. బ్యాగు బల్ల మీద కాదు, కుర్చీ పక్కన కింద. ముగ్గురు ఇంటర్వ్యూ చేస్తుంటే అడిగినవారి వైపు చూసి మొదలుపెట్టి, మధ్యలో మిగతా ఇద్దరి వైపూ చూడండి. కళ్లలోకి కళ్లు పెట్టి చూడటం ఇబ్బందైతే రెండు కనుబొమల మధ్య చూడండి, వాళ్లకి తేడా తెలీదు.

7. మాట తీరు

ఒక నిమిషం మాట్లాడి రికార్డ్ చేసుకుని, “యాక్చువల్లీ”, “బేసికల్లీ”, “అంటే”, “ఆ...” ఎన్నిసార్లు వచ్చాయో గీతలు గీస్తూ లెక్కపెట్టండి. వాటిని మానేయాలని పంతం పట్టకండి. ఆ చోట నోరు మూసుకుని ఒక క్షణం ఆగడం అలవాటు చేసుకోండి. రెండు వారాల్లో ఆ గీతలు సగానికి తగ్గితే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

తెలుగులో మాట్లాడే ఆఫీసైతే వయసులో ఎంత చిన్నవాళ్లనైనా మొదట “మీరు” అనే అనండి. వాళ్లంతట వాళ్లు చనువిచ్చాక మారొచ్చు. ఇంగ్లిషులో ఇంటర్వ్యూ అయితే రాని యాస తెచ్చిపెట్టుకోకండి. నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో చెప్తే చాలు. తెలియని ప్రశ్న వస్తే “ఇది నాకు తెలియదండీ, కానీ దీనికి దగ్గరగా ఫలానా పని చేశాను” అనండి. గాలిలో మేడలు కట్టేవాళ్లని ఐదో ప్రశ్నకల్లా పట్టేస్తారు.

8. మెయిల్

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మిమ్మల్ని చూడక ముందే చూసేది మీ మెయిల్‌నే.

సబ్జెక్ట్ ఖాళీగా వదలకండి. “హాయ్” అనీ, “అర్జెంట్” అనీ పెట్టకండి. ఏ పని కోసమో, ఎవరో తెలియాలి. లోపల ఐదారు వాక్యాలు చాలు. ఇలా ఉంటే సరిపోతుంది:

సబ్జెక్ట్: జూనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి దరఖాస్తు – (మీ పూర్తి పేరు)

నమస్కారం,
మీ ప్రకటనలో చూసిన జూనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఈ ఏడాది డిగ్రీ పూర్తయింది, ఒక చిన్న సంస్థలో ఆరు నెలలు లెక్కలు రాశాను. రెజ్యూమె జత చేశాను. వచ్చే వారం ఏ రోజైనా మాట్లాడటానికి వీలవుతుంది.
ధన్యవాదాలు,
(పేరు, ఫోన్ నంబర్)

ఇంగ్లిషులో రాస్తే “డియర్” అని, పక్కన పేరు. పేరు తెలిస్తే పేరు రాయడమే మర్యాద. తెలియకపోతే “డియర్ హైరింగ్ మేనేజర్” అంటే సరిపోతుంది. “రెస్పెక్టెడ్ సార్” తప్పేం కాదు, కానీ చదివేది ఆడమనిషైతే ఆ “సార్” వికటిస్తుంది.

రాసే వరస మార్చండి. ముందు ఫైలు జత చేయండి, తర్వాత మెయిల్ రాయండి, ఆఖరున మాత్రమే ఎదుటివాళ్ల అడ్రస్ పెట్టండి. “జత చేశాను” అని రాసి ఫైలు పెట్టకుండా పంపేసే పొరపాటు దీంతో చాలావరకు పోతుంది. ఫైలుకి మీ పేరు పెట్టండి. “రెజ్యూమె కొత్తది ఫైనల్ 3” అనే పేరు మీ కంప్యూటర్‌లో మీకే అర్థమవుతుంది. పీడీఎఫ్‌గా పంపితే అవతల అక్షరాలు చెదరవు. జీమెయిల్‌లో జత చేసే ఫైళ్ల హద్దు 25 ఎంబీ. పంపాక వెనక్కి తీసుకునే వ్యవధిని సెట్టింగ్స్‌లో 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు, ఇవాళే పెంచండి.

సీసీ అంటే కార్బన్ కాపీ. టైపు మిషన్ రోజుల్లో కాగితాల మధ్య కార్బన్ పెట్టి తీసిన నకలు అది. విషయం తెలియాల్సినవాళ్లని అందులో పెడతారు, జవాబు ఇవ్వాల్సినవాళ్లు “టు”లో ఉంటారు. బీసీసీలో ఉన్నవాళ్లు మిగతావాళ్లకి కనిపించరు. ఒకేసారి పది కంపెనీలకి అడ్రసులన్నీ కనిపించేలా పంపడం నేను చూసిన వాటిలో ఘోరమైన తప్పు. ఎవరికి వాళ్లకి విడిగా పంపండి. ఇక “రిప్లై ఆల్” నొక్కే ముందు, ఈ జవాబు అందరికీ పనికొస్తుందా అని చూసుకోండి.

చెక్: మెయిల్‌ని ముందు మీకే పంపుకుని ఫోన్‌లో తెరవండి. ఫైలు తెరుచుకుంటోందా? పంపినవారి పేరు దగ్గర ఏం కనిపిస్తోంది? చాలామందికి అక్కడ ముద్దుపేరో, నాన్నగారి పేరో ఉంటుంది, ఏళ్ల తరబడి చూసుకోరు.

9. వీడియో ఇంటర్వ్యూ, ఫోన్

కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టండి. వెలుతురు ముఖం మీద పడాలి. కిటికీ వీపు వెనక ఉంటే మీరు నల్లటి నీడలా కనిపిస్తారు. సన్న గీతల చొక్కా కెమెరాలో అలలు అలలుగా వణుకుతుంది, సాదా రంగు వేసుకోండి. కింద కూడా పూర్తిగా ఫార్మల్స్ వేసుకోండి. ఛార్జర్ కోసం లేవాల్సి రావచ్చు! మాట్లాడేటప్పుడు తెర మీది ముఖాన్ని కాక కెమెరా చుక్కని చూడాలి. అది గుర్తుండటానికి పక్కన చిన్న స్టిక్కర్ అంటించుకోవచ్చు. నోటిఫికేషన్లు ఆపేయండి, నెట్ పోతే వాడుకోవడానికి ఫోన్ డేటా సిద్ధంగా ఉంచండి, ముందురోజు స్నేహితుడికి కాల్ చేసి మాట సరిగ్గా వినిపిస్తోందో కనుక్కోండి.

ఫోన్ వస్తే “హలో, ఎవరు?” బదులు మీ పేరు చెప్పండి. రోడ్డు మీద ఉంటే “పది నిమిషాల్లో నేనే చేయనా?” అని అడిగి, సరిగ్గా పదో నిమిషంలో చేయండి.

10. మీటింగులు, భోజనం బల్ల

ఇవి ఉద్యోగంలో చేరాక వస్తాయి, క్లుప్తంగా చెప్తాను. మీటింగ్‌కి కాగితం, పెన్ను తీసుకెళ్లండి. ఫోన్ బల్ల మీద బోర్లించి కూడా పెట్టకండి, జేబులో సైలెంట్‌లో ఉంచండి. వైబ్రేషన్ బల్ల మీద సైలెంట్ కాదు. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో దూరకండి, తోచినది రాసి పెట్టుకోండి. ఆఫీసు భోజనంలో తేలిగ్గా తినగలిగేదే తీసుకోండి, పిలిచినవాళ్లు మొదలుపెట్టాక మొదలుపెట్టండి. స్పూన్లు ఎక్కువ ఉంటే బయటి వరస నుంచి లోపలికి వాడతారు. తెలియకపోతే పక్కవాళ్లని ఒక క్షణం గమనిస్తే చాలు.

11. ముందురోజు రాత్రి, ఆ మర్నాడు

రాత్రి పడుకునే ముందు బట్టలు తగిలించి, బూట్లు తుడిచి, రెజ్యూమె మూడు ప్రింట్లు మడత పడకుండా ఫోల్డర్‌లో పెట్టండి. చిరునామా, ఫోన్ చేయాల్సిన నంబరు కాగితం మీద కూడా రాసుకోండి. పెన్ను రాస్తుందో లేదో చూడండి. బ్యాగులో రుమాలు, దువ్వెన, సూదీ దారం, ఒక స్పేర్ బొత్తాం. పొద్దున బయల్దేరే ముందు అద్దంలో ముందు చూసుకున్నాక, వెనక కూడా ఫోటో తీసుకుని చూడండి. చొక్కా వెనక బయటికి వచ్చి ఉండటం, కాలర్ మడత విప్పుకుని ఉండటం అలాగే దొరుకుతాయి.

ఇంటర్వ్యూ అయిన 24 గంటల్లోపు మూడు వాక్యాల ధన్యవాద మెయిల్ పంపండి. అక్కడ మాట్లాడిన విషయం ఒకటి ప్రస్తావిస్తే, అందరికీ పంపే కాపీ కాదని తెలుస్తుంది. ఫలితం ఎప్పుడు చెప్తామన్నారో ఆ తేదీ దాటి రెండు రోజులయ్యాకే మళ్లీ అడగండి. రోజూ ఫోన్ చేస్తే రాబోయే ఉద్యోగమూ ఆగిపోవచ్చు.

ఇక మొదట్లో అడిగిన టై సంగతి. పిలిచినవాళ్లకే ఫోన్ చేసి “దుస్తుల విషయంలో నియమం ఏమైనా ఉందా?” అని అడగొచ్చు, తప్పు పట్టరు. అడగడానికి వీలవకపోతే టైని మడతపెట్టకుండా చుట్టలా చుట్టి బ్యాగులో పెట్టుకుని వెళ్లండి. రిసెప్షన్‌లో కూర్చుని, వచ్చిపోయే ఉద్యోగుల్లో ఎంతమంది మెడలో ఉందో చూడండి. కనిపిస్తే బాత్రూమ్‌లో కట్టుకోండి, మొన బెల్టు బకిల్‌ని తాకాలి. ముడి వేయడం మాత్రం ఇంట్లోనే, అద్దం చూడకుండా రెండు నిమిషాల్లో వచ్చేదాకా నేర్చుకుని ఉండండి.